ఒత్తుకు చోటు

విజయవాడ వన్‌టౌన్‌లో చేత్తో బోర్డులు రాసే ఆర్టిస్టులు ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూసి రాయమని సంపాదకులు పంపారు. వీధులన్నీ తిరిగి లెక్క తేల్చలేదు, ఒక్క చోటే నిలబడిపోయాను. పసుపు పూత ఆరిన రేకు మీద అరవై దాటిన ఒక ఆర్టిస్టు ‘శ్రీ లక్ష్మీ జనరల్ స్టోర్స్’ రాస్తున్నారు. సుద్ద పూసిన దారం లాగిపట్టి కొట్టి గీతలు వేసుకున్నాక ఆయన ‘శ్రీ’తో మొదలుపెట్టలేదు. ముందు సుద్దతో ‘క్ష్మీ’ గీశారు. పైన గుడి దీర్ఘం ఎంత లేస్తుందో, కింద మ ఒత్తు ఎంత దిగుతుందో తేలాకే మిగతా అక్షరాల ఎత్తు కుదిరింది. తర్వాత ఎడమ చేతి కర్రను రేకుకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు మోపి, ఎనామిల్‌లో ముంచిన బ్రష్‌ను ఒక్క ఊపులో తిప్పారు. వంపు సన్నగా మొదలై, నడుమ లావెక్కి, చివర మళ్లీ సన్నబడింది. ఆ లావూ సన్నం పైపై అలంకారం కాదు, చెయ్యి తిరిగిన దారి. మధ్యలో పక్క కొట్టాయనతో ఆయన అన్న మాట చెవిన పడింది: “ఫ్లెక్సీలు వచ్చాయని నాకు బాధ లేదండీ. ఒత్తుల్ని నలిపేస్తున్నారు, అదీ బాధ.”

ఆ ఫిర్యాదు న్యాయమైనదని నా నమ్మకం. ఆయన అభిరుచి మారడాన్ని తప్పుపట్టడం లేదు. బోర్డుల అక్షరాలు ఎప్పుడూ మారుతూనే ఉన్నాయి. నీడ వేసిన అక్షరాలు కొన్నాళ్లు, దిమ్మల్లా ముందుకు పొడుచుకొచ్చేవి కొన్నాళ్లు నడిచాయి. సినిమా పోస్టర్ల మీద ఈశ్వర్ వంటి పబ్లిసిటీ కళాకారులు కథకు తగ్గ అక్షరాన్ని పేరుపేరుకూ కొత్తగా గీశారు. బాపు చేతిరాత ఒక తరానికి తెలుగుదనపు గుర్తు అయిపోయింది. అదే ఇప్పుడు ఫాంటై శుభలేఖ నుంచి కర్రీ పాయింట్ దాకా ప్రతిచోటా కనిపిస్తోంది కాబట్టి, దాని మీద కూడా మొహం మొత్తడం సహజమే. అయితే అప్పటి ప్రతి మార్పూ తెలుగు అక్షరం తెలిసిన చేతి మీదుగా వచ్చింది. మోజు ఏదైనా, ఒత్తుకు ఎంత చోటు కావాలో ఆ చేతికి తెలుసు.

ఇప్పటి మోజులు ఇంగ్లీషు అక్షరాల మీద పుడుతున్నాయి. 2015లో గూగుల్ తన పేరు అక్షరాల కొసలు తీసేసి నున్నగా చేసింది. ఫ్యాషన్ సంస్థ బర్బెరీ 2018లో అదే దారి పట్టి, 2023లో మళ్లీ పాత గుర్రపు రౌతు బొమ్మకు తిరిగొచ్చింది. ఇంగ్లీషుకు ఈ రాకపోకలతో పెద్ద నష్టం లేదు. దాని అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి వరుసలో నిలబడేవి, కిందికి దిగే తోకలు నాలుగైదే. తెలుగు అలా కాదు. పైన తలకట్టు, గుడి. కింద ఒత్తు, పక్కన క్రావడి. అక్షరం నాలుగు వైపులా పెరుగుతుంది. ఇంగ్లీషు కొలతకు చేసిన పట్టీలో దాన్ని ఇరికిస్తే మొదట చిక్కిపోయేది ఒత్తే. గీతలన్నీ ఒకే లావు కావాలంటే ‘ప’ను ‘ష’గా మార్చే లోపలి చిన్న గీతకు ఊపిరాడదు. దూరం నుంచి చదివేవాడికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి.

ఫ్లెక్సీ చవక, సాయంత్రానికి చేతికొస్తుంది, చిన్న కొట్టువాడికి అదే మేలు అంటారు. నిజమే, కాదనను. మంచి ఫాంట్లు లేవా అని కూడా అడగొచ్చు. ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పోతన, వేమన ఉన్నాయి; ఆ తర్వాత వచ్చిన సూరన్న, ధూర్జటి, రామభద్ర ఉచితంగానే దొరుకుతున్నాయి. ఇంగ్లీషుకు చిన్నవీ పెద్దవీ కలిపి 52 అక్షరాలు గీస్తే ప్రాణం వస్తుంది. మనకు ప్రతి హల్లుకూ గుణింతం, ఒత్తు, వాటి కలయికలు చూసుకోవాలి. అంత కష్టపడి చేసినవాళ్లకు మనం ఎంత రుణపడినా తక్కువే. కానీ ఫాంటు ఎంత మంచిదైనా, ఖాళీలో పట్టడం లేదని దాన్ని అడ్డంగా లాగి, నిలువునా నొక్కే వేలికి అక్షరం తెలియకపోతే ఏం లాభం? ఆర్టిస్టు చెప్పిన నలపడం అదే. ఇదంతా పాతకాలపు మమకారమని కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను. చేతి తెలివిని కంప్యూటర్లోకి తేవచ్చు. వీధి పెయింటర్ల అక్షరాలను డిజిటల్ ఫాంట్లుగా దాచే ‘హ్యాండ్‌పెయింటెడ్ టైప్’ పనిని హనీఫ్ కురేషి మొదలుపెట్టి చూపించారు. 2024లో ఆయన పోయారు. తెలుగులో అలాంటి పని ఊరూరా జరగాలి, అదీ ఈ మణికట్లు వణకడం మొదలుకాక ముందే జరగాలి. రాసిన బోర్డును ఫొటో తీసుకుంటే చాలదు. ‘క్ష్మీ’తో ఎందుకు మొదలుపెట్టారో అడిగి రాసుకోవాలి.

మధ్యాహ్నానికి కొట్టు యజమాని కొడుకు వచ్చాడు. ఫోన్లో ఏదో ఇంగ్లీషు లోగో చూపించి, “లోపల పెట్టే చిన్న బోర్డు మాత్రం ఇలా రాయండి బాబాయ్, లావూ సన్నం లేకుండా” అన్నాడు. ఆర్టిస్టు కాసేపు ఫోన్ కేసి చూసి, “అలాగేనయ్యా” అని బ్రష్ మార్చారు. సన్నని గుండ్రటి మొనతో అన్ని గీతలూ ఒకే లావున, అడిగినట్టే వచ్చాయి. ‘జనరల్ స్టోర్స్’ వరుస గీతను మాత్రం చెరిపి, మ ఒత్తు తగలకుండా రెండు వేళ్లు కిందికి దించి మళ్లీ దారం కొట్టారు.