నీలోఫర్ బిడ్డ

"నువ్వు నీలోఫర్ బిడ్డవే" అంటుంది అమ్మ. మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు నన్ను కొంగులో చుట్టుకొని వనపర్తి నుంచి హైదరాబాద్ బస్సెక్కిందట. మా దిక్కు తల్లులందరికీ ఆ దవాఖాన తెలుసు. అది ఒక మనిషి పేరని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నీలోఫర్ ఇస్తాంబుల్‌లో పుట్టిన ఒట్టోమన్ రాజకుమారి. సామ్రాజ్యం కూలాక కుటుంబం ఫ్రాన్స్ చేరింది. 1931లో నీస్ నగరంలో, 15 ఏళ్లకే, నిజాం రెండో కొడుకుతో పెళ్లి. మొజంజాహి మార్కెట్ ఆయన పేరు మీదిదే. పిల్లలు కలగలేదు. 1949లో ఆమె పరిచారిక రఫత్ కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచే తల్లీబిడ్డల ఆసుపత్రి ఆలోచన పుట్టింది. అది 1953లో మొదలైంది. అప్పటికే ఆమెకు విడాకులయ్యాయి. 1989లో పారిస్‌లో కన్నుమూసింది.

మొన్న గద్వాలలో ఒక పెళ్లికి పోతే, ఎప్పటిలాగే "ఎంతమంది పిల్లలమ్మా?" అని అడిగారు. నాకు 38 ఏళ్లు. లేరన్నాను. అమ్మ తల దించుకుంది.

తిరుగు బస్సులో అమ్మకు ఈ కథంతా చెప్పాను.

"మరి ఆ రాణికెందరు పిల్లలు?"

"ఎవ్వరూ లేరమ్మా."

బీచుపల్లి కాడ కృష్ణ దాటేదాకా అమ్మ ఏం మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకొని అంది: "నిన్ను బతికించింది గదా."