అన్న కారుకి నేను కొన్న ఎర్ర ఫిల్టర్

మొదటి జీతం పడిన నెల అమ్మకి చీర, నాన్నకి చెప్పులు కొన్నాను. అన్నకి ఏం కొనాలో తోచక అతని కారుకి ఎయిర్ ఫిల్టర్ కొన్నాను. ఎర్రగా ఉంటుంది, కడిగి మళ్లీ వాడుకునే రకం. 4,800 రూపాయలు. మామూలు కాగితం ఫిల్టర్ మూడు నాలుగు వందలకే వస్తుంది. "మైలేజ్ పెరుగుతదన్నా, పికప్ పెరుగుతది. జిందగీలో మళ్ల ఫిల్టర్ కొనే పనే ఉండదు" అని చెప్పాను. నాకెలా తెలుసంటారా? రీల్స్ చూశాను. అంతే నా చదువు.

అన్నది 2014 మోడల్ డీజిల్ స్విఫ్ట్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మాది లాల్ దర్వాజా. తెల్లవారుజామున తెలిసిన పార్టీలను చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ మీదుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపుతాడు. పగలు పెళ్లి షాపింగ్‌కి వచ్చినవాళ్లను పత్తర్‌గట్టీ, మదీనా, లాడ్ బజార్ తిప్పుతాడు. ఆ కారు ఆగితే ఇంట్లో కిస్తీ ఆగుతుంది. అది తెలిసీ దాని ముక్కులో వేలు పెట్టాను.

మొదట్లో బాగానే ఉంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. యాక్సిలరేటర్ తొక్కగానే టర్బో ఈల ఇంతకుముందు కన్నా గట్టిగా వినబడేది. కారుకి బలం వచ్చిందని మేమిద్దరం నమ్మాం. మనకి చెవులు చెప్పిందే నిజం కదా. రెండు నెలలయ్యాక ఫిల్టర్ తీసి కడిగి, ఆరబెట్టి, దాంతోపాటు వచ్చిన నూనె పట్టించాను. డబ్బా మీద కొంచెం అని రాసుంది. నేను పచ్చడి మీద నూనె పోసినట్టు పోశాను.

ఆ తర్వాతి వారం తెల్లవారుజామున మూడున్నరకి అన్న ఫోన్. సౌదీ వెళ్లే ఒకాయన, సాగనంపడానికి వచ్చిన ముగ్గురు, డిక్కీ నిండా అట్టపెట్టెలు. పహాడీ షరీఫ్ ఎత్తు దగ్గర కారు లాగడం లేదట. డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగిందట. "ఏం పెట్టినవ్‌రా దీంట్ల?" అన్నాడు. తిట్టినా బాగుండేది, మెల్లగా అడిగాడు. వెనక ఎవరో ముసలమ్మ గొణుగుతూ దువా చదవడం ఫోన్‌లో వినబడుతోంది. సెకండ్ గేర్‌లోనే పాక్కుంటూ వెళ్లి ఎలాగో చేర్చాడు. ఆ ఫ్లైట్ తప్పి ఉంటే ఆ మనిషి ఉద్యోగం ఏమయ్యేదో, నాకిప్పటికీ తలచుకుంటే కడుపులో తిప్పుతుంది.

పొద్దున్నే హుస్సేనీ ఆలం సందులో మా చాచా షెడ్డుకి తీసుకెళ్లాం. మాకు వరసేం లేదు, చిన్నప్పటినుంచీ చాచా అనే పిలుస్తాం. బాక్స్ తెరిచి ఫిల్టర్‌ని వేలితో నొక్కి చూశాడు. నూనె కారింది. "క్యా బేటా, ఇది ఫిల్టరా, మిర్చీ బజ్జీయా?" అన్నాడు.

ఫిల్టర్ దాటగానే పైపులో ఒక సెన్సర్ ఉంటుంది. అందులో సన్నటి భాగాన్ని కరెంటు వేడిగా ఉంచుతుంది, లోపలికి పోయే గాలి దాన్ని చల్లారుస్తూ ఉంటుంది. మళ్లీ వేడెక్కించడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఎంత గాలి వచ్చిందో కంప్యూటర్ లెక్క కడుతుంది. దాని మీద నూనె చేరి, నూనె మీద దుమ్ము అంటుకుంటే దుప్పటి కప్పినట్టే. వచ్చిన గాలి వంద అయితే ఎనభై అని చెబుతుంది. గాలి తక్కువుందని కంప్యూటర్ డీజిల్ తగ్గిస్తుంది. ఇక కారు ఎత్తు ఎక్కదు. చాచా దాని కోసమే దొరికే స్ప్రేతో కడిగి ఆరబెట్టి పెడితే లైటు పోయింది, బండి లాగింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అప్పుడు చాచా ఇంకో పని చేశాడు. జేబులోంచి తెల్ల కర్చీఫ్ తీసి, ఫిల్టర్ తర్వాత ఉండే పైపు లోపల తుడిచాడు. ఫిల్టర్ దాటాక అక్కడికి వచ్చేది శుభ్రమైన గాలి కావాలి. కర్చీఫ్ మీద గోధుమరంగు చార పడింది. దాన్ని వేళ్ల మధ్య నలిపి, "ఇసుక" అన్నాడు. సెన్సర్‌ది వంద రూపాయల రోగం బేటా, అసలు రోగం ఇది అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని రీల్స్ కాకుండా కాస్త చదివాను. ఇంజన్ని తినేది కంటికి కనబడే చెత్త కాదు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పిస్టన్ రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య దూరి గీసేది 10, 20 మైక్రాన్ల రేణువులు. ఇసుకలోని సిలికా సిలిండర్ ఇనుము కన్నా గట్టిది. ఎక్కువ గాలి వదలాలంటే జల్లెడ కన్నాలు వదులుగా ఉండాలి, వదులైతే సన్న దుమ్ము కూడా పోతుంది. కొత్త ఫిల్టర్ అమ్మేవాడు మొదటి సగమే చెబుతాడు. ఎంత దుమ్ము ఆపుతుందో కొలవడానికి ఐఎస్ఓ 5011 అని ఒక పరీక్ష ఉంది. కొనేముందు ఆ ఫలితం అడగండి, చూపించకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఇంతకీ మాకు ఆ ఎక్కువ గాలి దేనికి? ఈ లెక్క నన్ను బాగా సిగ్గుపడేలా చేసింది. అన్న ఇంజన్ దాదాపు 1.25 లీటర్లు. రెండు చుట్లకి ఒకసారి అంత గాలి పీలుస్తుంది. మదీనా సిగ్నల్ దగ్గర వెయ్యి ఆర్‌పీఎంలో పాకుతున్నప్పుడు నిమిషానికి ఆరు వందల లీటర్ల చిల్లర. 4,000 ఆర్‌పీఎంలో టర్బో నిండుగా ఊదుతున్నప్పుడు దానికి నాలుగింతలకు మించి కావాలి. కంపెనీ ఇచ్చిన కాగితం ఫిల్టర్ ఆ పెద్ద లెక్కకే చేసింది. చార్మినార్ చుట్టూ ఆటోల వెనక ఫస్ట్ గేర్‌లో తిరిగే కారుకి గాలి ఎప్పుడూ తక్కువ పడలేదు. తక్కువ పడింది రోడ్డు.

మైలేజ్ సంగతి కూడా అంతే. 2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ కొత్తరకం పెట్రోల్ కార్లకి బాగా మూసుకుపోయిన ఫిల్టర్లు పెట్టి చూసింది. వేగం అందుకోవడం మందగించింది తప్ప మైలేజ్ పెద్దగా మారలేదు. మురికి ఫిల్టరే మైలేజ్ తగ్గించనప్పుడు, ఎర్ర ఫిల్టర్ ఎక్కడినుంచి పెంచుతుంది?

అలాగని అన్నీ మోసమని అనను. మంచి రకం కొని, సరిగ్గా కూర్చోబెట్టి, కొలతగా నూనె రాసి లక్ష కిలోమీటర్లు తిప్పినవాళ్లున్నారు. రేస్ ట్రాక్ మీద తిరిగే కారు కథ వేరు. కానీ గాలి ఎక్కడిదో చూడాలి కదా. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం 2025లో మా దారిలో ఇళ్లూ దుకాణాలూ కూలగొట్టారు. గచ్చు, ఇటుక, సిమెంటు పొడి. సాయంత్రానికి షాలిబండలో స్కూటర్ సీటు మీద వేలితో పేరు రాయొచ్చు. అన్న కారు రోజూ పీల్చేది అదే.

నేను నిజానికి ఇంకో అడుగు వేద్దామనుకున్నాను, బాక్స్ మొత్తం తీసేసి, పైపుని బంపర్ దాకా లాగి కోన్ ఫిల్టర్ పెట్టే కిట్. చల్లటి గాలి వస్తుందని. చాచా 2020 అక్టోబర్ గుర్తుచేశాడు. ఆ వరదల్లో హఫీజ్‌బాబానగర్ వీధుల్లో కార్లు తేలాయి. గాలి పీల్చే నోరు ఎంత కిందికుంటే నీళ్లు అంత తొందరగా లోపలికొస్తాయి. గాలిలా నీళ్లు నొక్కితే నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోకపోతే మామూలు ఇన్సూరెన్స్‌లో సాధారణంగా అది రాదు. ఆ కిట్ లింకు ఫోన్‌లోంచి తీసేశాను.

ఇప్పుడు కారులో 350 రూపాయల కాగితం ఫిల్టరే ఉంది. దాన్ని గాలిమిషన్‌తో ఊదించొద్దని కూడా చాచా చెప్పాడు, మడతలు చిరిగితే కనబడవు. అన్న నన్ను ఒక్క మాటా అనలేదు. ఎర్ర ఫిల్టర్ అటక మీద ఉంది, నేను కొన్నదని అమ్మ పారేయనివ్వడం లేదు.

ఒక్కటే తేలలేదు. ఈ మధ్య కారు సర్వీసుకీ సర్వీసుకీ మధ్య కొంచెం ఇంజన్ ఆయిల్ తాగుతోంది. అది నా మూడు నెలల దుమ్ము వల్లా, 2 లక్షల 40 వేల కిలోమీటర్లు తిరిగినందుకా అని చాచాని అడిగాను. "రెండూ కావచ్చు" అన్నాడు. ప్రతి ఆదివారం పొద్దున అన్న డిప్‌స్టిక్ తీస్తాడు. తుడిచే గుడ్డ పట్టుకుని నేను పక్కన నిలబడతాను.