కట్ట విప్పితే పది

రెండో తరగతిలో ముప్పై నాలుగు రాయమన్నాను. ఒక పాప పలక మీద 304 రాసి చూపించింది. తప్పని అడ్డగీత గీసేశాను. మర్నాడు నూట ఐదు చెబితే 1005 రాసింది. అప్పుడు అర్థమైంది, ఆ పాప పరాకుగా రాయడం లేదు. చెవికి వినబడింది వినబడినట్టు రాస్తోంది. ముప్పై అంటే 30, దాని పక్కన 4.

మా గుడుపల్లె కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల దగ్గర ఉంది. ఇక్కడి ఇళ్లలో తెలుగు, తమిళం, కన్నడం, మా ఎరుకల మాట అన్నీ వినబడతాయి. ఏ మాట పిల్లలైనా వందదాకా ఒంట్లు గడగడా చెబుతారు. అయితే 34లో మూడు అంటే ఎన్ని అని అడిగితే చాలామంది మూడు వేళ్లే చూపిస్తారు.

ట్రైనింగులో పుల్లల కట్టలు నేర్పారు కదా అని, ఇంటి దగ్గరే పొరకపుల్లలు పదేసి కట్టి తీసుకెళ్లాను. మూడు కట్టలు, నాలుగు పుల్లలు పెట్టి ఎన్ని అంటే "ఏడు సార్" అన్నారు. ఒకడు కట్ట విప్పి పుల్లలు లెక్కపెట్టబోయాడు. పాడుచేస్తున్నాడని కసిరాను. అక్కడే తప్పు చేశాను. వాడు చూడాల్సింది సరిగ్గా అదే.

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. ఈతాకు పొరకలు కట్టి సంతకు తీసుకెళ్లేది. పదింటికి ఒక కట్ట. మూడు కట్టలు, విడిగా నాలుగు ఉన్నాయనుకోండి. ఎవరైనా ఆరు అడిగితే ఒక కట్ట విప్పేది. పదీ నాలుగూ పద్నాలుగు, ఆరు పోతే ఎనిమిది. ఇంకా రెండు కట్టలున్నాయి. ఇరవై ఎనిమిది. ఇదే లెక్కను నేను బడిలో "పక్కింట్లో అప్పు తెచ్చుకో" అని చెప్పేవాణ్ణి. ఒక పిల్లాడు "మళ్లీ ఎప్పుడిచ్చేది సార్?" అని అడిగాడు. జవాబు లేదు. అది అప్పు కాదు, మన కట్టే మనం విప్పుకోవడం.

అప్పటినుంచి కట్టడం, విప్పడం పిల్లల చేతికే వదిలేశాను. చిన్న వేళ్లకు దారం ముడి పడదు, రబ్బరు బ్యాండ్లు చాలు. నియమం ఒక్కటే: విడిగా తొమ్మిదికి మించి ఉండకూడదు. పది కట్టలైతే అన్నీ కలిపి పెద్ద కట్ట, అది వంద. నేల మీద సుద్దతో గళ్లు గీసి వందలు, పదులు, ఒకట్లు అని రాస్తాం. పుల్లలు పెట్టాకే అంకె. పదకొండు, పన్నెండుతో మొదలుపెట్టను, ఆ మాటల్లో ఒకటీ రెండూ చెవికి సరిగా తెలియవు. ఇరవై ఒకటి, ఇరవై రెండు అయితే తెలుస్తాయి. పది రూపాయల నోటు తర్వాత చూపిస్తాను. నోటును విప్పి లోపల పది ఉన్నాయని చూడలేం కదా.

304 రాసిన పాపనే 304 పుల్లలు పెట్టమన్నాను. మూడు పెద్ద కట్టలు తెచ్చింది, నాలుగు పుల్లలు పెట్టింది. మధ్య గడి ఖాళీ. "ఇక్కడేం లేదు సార్, అందుకే సున్నా" అంది. తర్వాత 34 పెట్టి రెండూ చూసి తనే నవ్వింది.

2021లో మొదలైన నిపుణ్ భారత్ ప్రకారం ఒకటో తరగతిలో 99 దాకా, రెండులో 999 దాకా పిల్లలు చదివి రాయాలి. కట్ట తెలియకుండా అంకెలు రాయిస్తే ఆ గడువు అందుకున్నట్టు కనిపిస్తుంది, మూడో తరగతి తీసివేతల్లో బయటపడుతుంది. అప్పుడు "మీ పిల్లలకు లెక్కలు రావు" అంటారు. ఆ మాట నేనూ చిన్నప్పుడు విన్నాను.

ఒకసారి అమ్మకు 34 రాసి చూపించాను. కాసేపు చూసి, "ఇందులో కట్టలెక్కడ్రా, విడివెక్కడ?" అని అడిగింది. ఇప్పుడు నా తరగతిలో మొదటి ప్రశ్న అదే.