కప్పును తట్టి వినువాడు



సాహసజీవితమనగానే మన తలంపు హిమాలయ శిఖరములవైపునకో దూరదేశపు అడవులవైపునకో పోవును. అది ధనమును తీరికయు గలవారికి తగినదే గాని, షిఫ్టు ముగించుకొని బొగ్గుమసితో ఇల్లు చేరువానికి దానితో ఏమి పని యని యడుగువారున్నారు. గోదావరిఖనిలో గని కార్మికుల కుటుంబముల మధ్య అనేక సంవత్సరములుగా పరిచర్య చేయుచున్న నేను ఆ మాటను ఒప్పుకొనను. భూమిలోనికి దిగి, క్యాప్ ల్యాంపు వెలుగులో దినము గడుపువాడు సాహసి గాక మరెవడు? యోబు గ్రంథము 28వ అధ్యాయము తెరచి చూడుడి. చీకటిలో లోహమును వెదకు గనివాని సంగతితోనే అది ప్రారంభమగును. జ్ఞానము ఎక్కడ దొరకునను ప్రశ్న ఆ తరువాతనే వచ్చును.

అయినను మనవారిలో ఒక కొరత కనబడుచున్నది. గని లోపల ఎంతో మెలకువగా నుండు కన్ను, పైకి వచ్చిన తరువాత నిద్రపోవును. సెలవు దినము నిద్రకును సెల్‌ఫోనుకును చెల్లిపోవును. కొన్ని యిండ్లలో మద్యమునకు చెల్లును. నడచి పోదగిన దూరములో గోదావరి యుండగా, దాని యొడ్డున ఒక్క సూర్యోదయమైనను చూడక ఏండ్లు గడపిన కుటుంబములను నేనెరుగుదును. మన పిల్లలకు నది యనగా వంతెనమీద బస్సు కిటికీలోనుండి కనబడు నీరు మాత్రమే.

మా సంఘపు పెద్ద యొకరు, గనిలో పని చేసి విశ్రాంతి పొందినవారు, ఒకసారి నా బల్లమీద ఒక నల్లని రాతి పలక నుంచిరి. దానిమీద పొడుగాటి నాలుకవంటి ఆకు ముద్ర యుండెను. నడిమి ఈనె, దాని కిరుప్రక్కల వలవంటి సన్నని ఈనెలు స్పష్టముగా కనబడుచుండెను. శాస్త్రజ్ఞులు దానిని గ్లోసాప్టెరిస్ అందురు. ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వము బురద నేలలలో పెరిగిన అట్టి చెట్లే పడి, ఇసుక మన్ను క్రింద అణగి, మన బొగ్గాయెను.

ఈ ఆకుకు ఒక గొప్ప కథ యున్నది. 1912లో కెప్టెన్ స్కాట్ బృందము దక్షిణ ధ్రువమును చేరి, తిరిగి వచ్చుచు మంచులో మరణించెను. ఆహారము తక్కువై, బలము సన్నగిల్లినను, వారు దాదాపు 16 కిలోల రాళ్లను తమ బండిమీద కడవరకు లాగుకొని వచ్చిరి. అదే సంవత్సరము నవంబరులో వారి గుడారము దొరికినప్పుడు, ఆ రాళ్లలో ఈ గ్లోసాప్టెరిస్ ఆకు ముద్రలుండెను. మంచు కప్పిన ఆ ఖండమును మన గోదావరి లోయయు ఒకప్పుడు ఒకే భూభాగమై యుండెననుటకు ఈ ఆకు ఒక సాక్షి. ఆ భూభాగమునకు శాస్త్రజ్ఞులిచ్చిన గొండ్వానా అను పేరు మన గోండుల పేరునుండి వచ్చినదే. ఆ సాహసులు ప్రాణాపాయమునందును విడువని ఆకును, మన పెద్ద తన తలపైనున్న గని కప్పులో చూచెను!

దూరదేశపు మంచులో నడచినవారి సంగతి యిది. మన లోయ శిలలను పరిశీలించిన స్టీఫెన్ హిస్లప్ సంగతి కూడ వినుడి. ఆయన స్కాట్లండు మిషనెరీ; 1845లో నాగపూరు చేరి, పాఠశాల నడపెను. గ్రామములు తిరుగునప్పుడు రాళ్లను పరిశీలించెను, గోండుల పాటలను వ్రాసికొనెను. మన ఆదిలాబాదు సీమలోని మలేరి శిలలలో దొరికిన ఒక పురాతన మత్స్యమునకు 1859లో ఓల్డ్‌హామ్ అను శాస్త్రజ్ఞుడు హిస్లప్ పేరే పెట్టెను. ఆయనకు నడక వేరు, చదువు వేరు, సేవ వేరు కావు.

1863 సెప్టెంబరు 4న ఆయన టాకల్‌ఘాట్ వద్ద పురాతనపు రాతి వలయములను చూచి, ఒక పల్లె పాఠశాలను దర్శించి, చీకటి వేళ గుఱ్ఱముపై ఒంటరిగా తిరిగి వచ్చుచు, ప్రొంగిన వాగులో మునిగిపోయెను. ఆయన వ్రాసి యుంచిన కాగితములను 1866లో రిచర్డ్ టెంపుల్ ప్రచురింపవలసి వచ్చెను.

ఇది చదివి, ఇల్లు కదలకుండుటయే మేలని యనుకొనకుడి. నీరు ఎంత తెలిసినవానినైనను ముంచునని మాత్రము జ్ఞాపకముంచుకొనుడి. నేను జరిపిన భూస్థాపనలలో, స్నానమునకని గోదావరిలో దిగి మరలి రాని యౌవనస్థులవియు ఉన్నవి. ఈత వచ్చును గదా యని వారు దిగిరి. పైన ఎల్లంపల్లి గేట్లెత్తినచో, ఇచ్చట ఎండ కాయుచుండగనే నీరు పెరుగును. ఇసుక త్రవ్విన గోతులు పైకి కనబడవు. దిగువను మంథని దగ్గర శివారం అభయారణ్యము మొసళ్ల కొరకే ఏర్పడినది.

ఈ విషయములో మనకు బోధించుటకు దూరమునుండి ఎవరును రానక్కరలేదు. గని కార్మికుడు పనిచోటికి పోగానే ఏమి చేయును? కర్రతో కప్పును తట్టి వినును. గట్టి కప్పు ఖంగున మ్రోగును. వదులైనది డొల్లగా పలుకును. డొల్లగా పలికినచో, ఎంత ధైర్యవంతుడైనను దాని క్రిందికి పోడు. అతనిని పిరికివాడని యెవరైన అందురా? ఆ వినుటయే అతని సాహసమును నిలుపుచున్నది. ఆ బుద్ధినే మీరు నది యొడ్డుకును గుట్టమీదికిని తీసికొనిపోవలెను. మీ కుమారులకును నేర్పవలెను.

కాబట్టి వానలు వెలిసిన తరువాత ఒక సెలవు దినమున తెల్లవారకముందే లేచి, పిల్లలను వెంటబెట్టుకొని పొండి. రామగిరి ఖిల్లా ఎక్కుడి. శ్రావణమాసములో మూలికలకొరకు ప్రజలు ఎక్కు గుట్ట యది. ఆ మొక్కల పేర్లెరిగిన వృద్ధుని ఒకని అడిగి తీసికొని పొండి. నదికి పోయినచో చేపలు పట్టు మనుష్యునితో మొదట మాటలాడి, ఎక్కడ లోతో, ఎక్కడ సుడియో తెలిసికొనుడి. అతడు వద్దన్నచోట దిగకుడి. ఎచ్చటికి పోవుచున్నారో, ఎప్పుడు వచ్చెదరో ఇంటిలో చెప్పి పొండి. ఒక పక్షి పేరైనను, ఒక రాతి గుర్తైనను క్రొత్తగా నేర్చుకొని రండి. ఆ రాత్రి అన్నము దగ్గర, ఇంటనున్న తల్లికి ఆ దినము చూచినదంతయు మీ పిల్లలచేతనే చెప్పించుడి.