రొంకో నుంచి చెల్లెకు

లొకార్నో, బుధవారం రాత్రి

చెల్లె,

పొద్దుటి నుంచి వాన. జలుబుతో తల దిమ్మెక్కింది. జూరిచ్ నుంచి వస్తుంటే రైలు 57 కిలోమీటర్ల సొరంగంల దూరింది. మన ఊరి నుంచి నార్కట్‌పల్లి దాకా దాదాపు అంత దూరమే కద. బయటపడేసరికి భాష మారింది, అంతా ఇటాలియన్.

బస్సుల గొడవైంది. నేను కొన్న టికెట్టు ఈ జోన్‌కు చెల్లదట. చెకింగ్ ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు ఇటాలియన్ రాదు. జర్మన్‌ల మొత్తుకున్న, ఆయన వినలే. చివరికి పక్క సీటు ముసలామె నచ్చజెప్పింది, మిగిలిన పైసలు కట్టి బయటపడ్డ. నీకేమమ్మ, ఆధార్ చూపిస్తే దిల్‌సుఖ్‌నగర్ దాకా ఉత్తగనే పోతవు.

రాత్రి పొలెంటా తిన్న. పేరు చూసి ఏమో అనుకున్న. అచ్చం మక్క గట్క! నాయినమ్మ కట్టెల పొయ్యి మీద తెడ్డుతో తిప్పి తిప్పి వండినదే. పచ్చిపులుసు లేదు, ఉల్లిగడ్డ లేదు, పైన చీజ్ ఏసిన్రు. అయినా రెండోసారి అడిగి పెట్టించుకున్న. సగంల కండ్లల్ల నీళ్లొచ్చినయ్. గట్కంటే నువ్వు మొహం తిప్పుకునేదానివి, నీ వంతు కూడ నేనే తినేటోన్ని.

అమ్మ మోకాళ్లెట్లున్నయ్? ప్లాటు మాటతోని మూడు రోజులుగ నా ఫోన్ ఎత్తుతలేవు.

రొంకో, గురువారం

వాన తెరిపిచ్చింది. సరస్సు ఒడ్డున పోర్టో రొంకోల బస్సు దిగి, మెట్లెక్కుకుంట ఊర్లెకొచ్చిన. ఎరిఖ్ మరియా రెమార్క్ సమాధి ఇక్కడి శ్మశానంలనే ఉన్నది. 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' రాసిన మనిషి. సమాధి చిన్నదే. పక్కనే ఆయన భార్య, చాప్లిన్ సినిమాల నటించిన పాలెట్ గొడార్డ్.

సిపాయిల చావును ఉన్నదున్నట్టు రాసినందుకు 1933ల నాజీలు ఆయన పుస్తకాలు తగలబెట్టిన్రు. అప్పటికే ఆయన దేశం దాటి, కింద ఒడ్డున 1931ల కొన్న ఇంట్ల ఉంటున్నడు. 1938ల పౌరసత్వం తీసేసిన్రు. మరుసటేడు అమెరికా పోయిండు. యుద్ధమయ్యాక మళ్ల ఇక్కడికే వచ్చిండు గాని, సొంత దేశానికి కాపురం మార్చలే. 1970ల లొకార్నో ఆస్పత్రిల పోయిండు.

ఇదంత చదివినదే. సమాధి ముందు నిలబడ్డంక మాత్రం ఆయన చెల్లె ఎల్‌ఫ్రీడే మతికొచ్చింది. డ్రెస్డెన్‌ల బట్టలు కుట్టి బతికేది. యుద్ధం ఓడిపోయినట్టే అని నోరు జారితే, విన్నోళ్లు పోయి చెప్పిన్రు. అన్న చేజారినా నువ్వు చేజారవని జడ్జి కోర్టులనే అన్నడట. 1943 డిసెంబర్ 16న తల నరికిన్రు. ఆ ఖర్చుకు బిల్లు కూడ ఇంటికి పంపిన్రు. అన్నకు యుద్ధం అయిపోయినంకనే తెలిసింది. 1952ల ఒక నవల ఆమెకు అంకితం ఇచ్చిండు. చెల్లెకు ఇంక ఏమీ చెప్పుకునే వీలు ఆయనకు మిగల్లే.

మెట్ల మీద కూసోని ఇది రాస్తున్న. కింద సరస్సు మీద ఎండ పడ్డది. ప్లాటు విషయంల నేనన్న మాటలు తప్పు, నీ వాటా నీదే. అమ్మకు కూడ చెప్పు. శనివారం పొద్దున ఫోన్ చేస్త. ఎత్తు.

మీ అన్న