కుడికి తిరగని బస్సు

పిల్లలూ, బస్సులో కండక్టరు "రైట్, రైట్!" అని కేక వేయటం మీరు వినే ఉంటారు. నేను ఆరో తరగతిలో చేరి, రైట్ అంటే కుడి అని కొత్తగా నేర్చుకున్న రోజుల్లో, ఒకసారి మా నాన్నతో సూర్యాపేటలో కోదాడ బస్సు ఎక్కాను. కండక్టరు "రైట్" అనగానే, బస్సు కుడికి తిరుగుతుందని ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకుని కూచున్నాను. బస్సు తిరగలేదు. తిన్నగా ముందుకు పోయింది. "డ్రైవరు తప్పుగా పోతున్నాడు నాన్నా!" అన్నాను. చుట్టుపక్కల వాళ్ళందరూ నవ్వారు. అంతా సరిగా ఉంది, ఇక పోనియ్యి అని ఆ మాటకు అర్థమట.

అట్లా నవ్వులపాలైన వాణ్ణి, పెద్దయిన తరవాత అయినా జాగ్రత్తగా ఉండవలసింది. ఉండలేదు.

2007లో మిర్యాలగూడలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ ఉండేవాణ్ణి. పిల్లలను నాగార్జునసాగర్ తీసుకుపోదామని, తలా వంద రూపాయలు తెమ్మన్నాం. ఒక కుర్రవాడు మాత్రం డబ్బుకు బదులు ఒక చీటీ తెచ్చి ఇచ్చాడు. "పాడీ మ్యాన్ గేవ్ హ్యాండ్ టు మై ఫాదర్. సో ఐ యామ్ నాట్ కమింగ్ టు సాగర్" అని అందులో ఇంగ్లీషున రాసి ఉంది.

ఇంగ్లీషువారి మాటల్లో చెయ్యి ఇవ్వటమంటే సాయం చెయ్యటం. అందుచేత నేను సంతోషించి, క్లాసులో అందరికీ వినపడేటట్టు, "చూశారా! ధాన్యం కొన్నాయన వీళ్ళ నాన్నకు ఎంత సాయం చేశాడో! ఇంక డబ్బు తేవటానికేంరా?" అన్నాను.

క్లాసంతా నిశ్శబ్దమైపోయింది. వాడు తల వంచుకున్నాడు. చివరకు వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "సార్, హ్యాండిచ్చిండంటే సాయం జేసిండని కాదు సార్. పైసలియ్యకుండ పోయిండని" అన్నది.

నాకు నోట మాట రాలేదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన పంటంతా ఎవరో మధ్యవర్తికి అప్పగించి, ఆ కుర్రవాడి తండ్రి రెండు నెలలుగా అతని కోసం తిరుగుతున్నాడట. ఆ సంగతి తెలుగులో చెప్పటానికి సిగ్గుపడి వాడు ఇంగ్లీషు చాటున దాచుకుంటే, నేను నలుగురిలో బయట పెట్టాను.

సాయంత్రం వాణ్ణి పిలిచి, "తప్పు నాదిరా" అన్నాను. వాడు నా మొహం చూసి, "లైట్ తీస్కోండి సార్" అన్నాడు. దీపం ఎందుకో నాకు బోధపడలేదు. మనసులో పెట్టుకోవద్దని దాని అర్థం. అదీ వాడే చెప్పవలసి వచ్చింది! మేష్టర్లం తలా కాస్త వేసుకుని, వాణ్ణి కూడా సాగర్‌కు తీసుకుపోయాం.

ఆ రాత్రే నేనొక నోటుబుక్కు మొదలుపెట్టాను. మొదటి పేజీలో ఆ రెండు మాటలూ రాశాను. తరవాత చాలా చేరాయి. "వాడికంత సీను లేదు" అంటే అంత గొప్పవాడేమీ కాడని. "బిస్కెట్లు వేయటం" అంటే ముఖస్తుతి చెయ్యటం. కుక్కను మచ్చిక చేసుకునే పద్ధతిలోంచి వచ్చిందని నా ఊహ. "బోరు" అన్న మాటను మాత్రం మా వైపు జాగ్రత్తగా వినాలి. బోరు కొట్టిందంటే విసుగు, బోరు వేశారంటే నీళ్ళ ఆశ, బోరు ఫెయిలయిందంటే అప్పు.

ఇట్లా పరభాషా పదాలు పోగుచెయ్యటం కొత్త పనేమీ కాదు. తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలన్నీ ఏరి, బ్రౌన్ దొర 1854లోనే ఒక నిఘంటువు అచ్చు వేయించాడు. మన మాటలు మాత్రం ఊరుకున్నాయా? మన పందికొక్కు ఇంగ్లీషులోకి పోయి "బ్యాండికూట్" అయింది. ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉండే ఒక జంతువుకు కూడా ఆ పేరే పెట్టారు. "పోస్ట్‌పోన్"కు ఎదురుగా మనదేశంలో బాగా వాడుకలోకి వచ్చిన "ప్రీపోన్" ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు కూడా ఎక్కింది. దాన్ని తప్పని ఎర్రసిరాతో ఎన్ని కాగితాల మీద కొట్టివేశానో!

మొన్న మా మనవరాలు ఆ నోటుబుక్కు తిరగేసి, "తాతయ్యా, ఇవన్నీ పాతబడ్డయ్. లైట్ తీస్కో అని మా క్లాసుల ఎవ్వరంటలేరు" అన్నది. పెన్సిలు తీసుకుని, పాతబడిన వాటినన్నిటినీ తనే కొట్టివేయసాగింది. మొదటి పేజీ మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు.