బనశంకరి జాతరలో నానమ్మ

పుష్య పున్నమికి బాదామి దగ్గర బనశంకరి జాతర. తేరు చూశాక మేమంతా కంపెనీ నాటకానికి పోయాం. తెల్లవార్లూ టెంట్లలో ఆటలే. పేరుకి సంసారం కథ, కామిడీ అంతా డబుల్ మీనింగు, మధ్యలో డ్యాన్సు, ఈలలు.

నానమ్మ నేనూ వస్తానంది. కన్నడ రాదు కదా, పర్వాలేదులే అనుకున్నాం. తుంగభద్ర కాలువ కింద క్యాంపుకొచ్చి 50 ఏళ్ళయినా తెలుగే మాట్లాడుతుంది. బ్యాంకులో, ఆసుపత్రిలో ఆమెకు అన్నీ మేమే తెలుగులో చెప్పేవాళ్ళం.

కామిడీ ఆయన పంపుసెట్టు మీద ఒక మాటన్నాడు. కన్నడ మీడియంలో చదివిన మాకే ఒక క్షణం పట్టింది. అప్పటికే నానమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఊగిపోతోంది! మేం తల దించుకున్నాం.

తిరుగు బస్సులో అడిగాం, ఎప్పుడు నేర్చుకున్నావని.

"ఇక్కడి ఆడోళ్ళతో 30 ఏళ్ళు నాట్లేశాను కదర్రా. ఆళ్ళ మాటల ముందు ఇదేపాటి?"